గిరి ప్రదక్షిణకు వెళ్లేలోపు సీపీఆర్ నేర్చుకోండి

ఆషాఢ పౌర్ణమి దగ్గరపడితే మన విశాఖలో అందరూ సింహాచలం అప్పన్న కొండ చుట్టూ నడిచే లెక్కలే వేసుకుంటారు. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, వెంకోజీపాలెం, ఎన్‌ఏడీ మీదుగా మళ్లీ సింహాచలం చేరేసరికి 32 కిలోమీటర్లు. ఉక్కపోత, నిద్రలేమి, సంచిలో బీపీ మాత్రలు పెట్టుకోవడం మర్చిపోయిన పెద్దవాళ్లు. కాళ్లకు పొక్కులు రాకుండా ఏం చేయాలో అందరూ చెబుతారు. పక్కన నడుస్తున్న బాబాయి ఉన్నట్టుండి కూలబడితే ఏం చేయాలో కూడా ముందే తెలిసుండాలి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, నోటితో ఊపిరి ఇచ్చే ప్రథమ చికిత్సే సీపీఆర్.

అలాంటప్పుడు జనం మూగి "ఏటైంది, ఏటైంది" అంటారు. ఒకరు మొహాన నీళ్లు కొడతారు, ఒకరు నోట్లో సోడా పోస్తారు, ఇంకొకరు చేతిలో తాళాలగుత్తి పెడతారు. తాళాల వల్ల ఏమీ కాదు గానీ, స్పృహ లేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముందు భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఛాతీ లేచి పడుతోందో లేదో చూడండి, పది సెకన్లకు మించి వద్దు. అప్పుడప్పుడూ గురకలా ఎగశ్వాస తీస్తుంటే "ఊపిరి ఉందిలే" అనుకోకండి, అది ఊపిరి కింద లెక్క కాదు. ఊపిరి లేకపోయినా, ఇలా ఎగశ్వాసే ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి సీపీఆర్ మొదలుపెట్టండి.

మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచం మీదో, ఆటో సీటు మీదో నొక్కితే పరుపే కిందికి దిగుతుంది, గుండెకు ఒత్తిడి అందదు. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేయండి. మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా పైకి వచ్చేలా వంగి, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. తొందరలో చాలామంది వదిలేసేది ఇదే. పక్కటెముక పటుక్కుమన్నా ఆపొద్దు, ఎముక తర్వాత అతుక్కుంటుంది. రెండు నిమిషాలకే చేతులు బరువెక్కుతాయి కాబట్టి వంతులు మార్చుకోండి. నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోతే పెద్దవాళ్లకు నొక్కడం ఒక్కటే చేసినా మేలే. వచ్చినవాళ్లు 30 సార్లు నొక్కి, రెండు ఊపిర్లు ఇవ్వాలి.

గుండెపోటుతో ఛాతీ పట్టుకుని మాట్లాడుతున్న మనిషికి మాత్రం ఇది చేయకూడదు. కూర్చోబెట్టి 108 పిలవడమే.

జోడుగుళ్లపాలెంలో సముద్ర స్నానానికి దిగేవాళ్ల సంగతి వేరు. మునిగినవాళ్లకు మొదట ఆగేది ఊపిరి, అందుకే ముందు నోటితో ఊపిరి ఇచ్చి ఆ తర్వాత నొక్కాలి. నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం మన తీరంలో పాత అలవాటు. పొట్టలోది గొంతులోకి వచ్చి ఊపిరికి అడ్డం పడుతుంది, విలువైన నిమిషాలు పోతాయి. ఈత రానివాళ్లు కాపాడబోయి నీళ్లలోకి దూకొద్దు. తాడో, ఖాళీ క్యానో విసరండి.

ఇదంతా చదివితే వచ్చేది కాదు, వీడియో చూసినా రాదు. 5 సెంటీమీటర్లంటే ఎంత బలం కావాలో శిక్షణకు వాడే మనిషి బొమ్మ మీద నొక్కితేనే చేతికి తెలుస్తుంది. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తాయి. కలిసి నడిచే గుంపులో కనీసం ఇద్దరైనా వెళ్లిరండి, ఒకరు అలిసిపోతే రెండోవారు అందుకోవాలిగా. ఇంట్లో సరదాకి బతికున్న మనిషి ఛాతీ మీద మాత్రం ప్రయోగాలు చేయకండి.

నడిచే రోజు వెళ్తూ వెళ్తూ గుర్తులు చూసుకోండి. "కొండ పక్కన ఉన్నాం" అంటే 108 వాళ్లకు ఏం అర్థమవుతుంది? ఏ జంక్షన్ దాటారో, ఏ గుడి ఎదురుగా ఉన్నారో చెప్పాలి. గుంపులో ఒకరు రోడ్డు మీదకెళ్లి బండికి దారి చేయించాలి, ఆ పని ఎవరిదో బయల్దేరే ముందే అనుకోండి.