రైస్ మిల్లు జంక్షన్ బాక్స్ వైరింగ్ – 4వ పాఠం: రైలు మీద టెర్మినళ్లు

పోయిన పాఠంలో జంక్షన్ బాక్సును, అంటే వైర్లు కలిసే పెట్టెను, గోడకు బిగించి, కింది వైపు గ్లాండ్లు (కేబుల్‌ను పట్టి ఉంచే బిగింపులు) వేసి కేబుళ్లు లోపలికి తెచ్చుకున్నాం. ఈసారి లోపలి పని: టెర్మినళ్లను, అంటే వైర్లను కలిపే చిన్న బిళ్లలను, రైలు అనే లోహపు పట్టీ మీద పేర్చి వైర్లు బిగించడం. ఉదాహరణ పాతదే: మిర్యాలగూడ వైపు ఏ రైస్ మిల్లుకు పోయినా కనిపించే వడ్ల ఎలివేటర్. దానికి 5 హెచ్.పి. త్రీఫేజ్ మోటారు, పక్కన ఒక స్టాప్ బటన్, పైన తొట్టి నిండిందో లేదో చెప్పే 24 వోల్టుల సెన్సరు.

మూత తీసే ముందు మొదటి పాఠంలోని మాట ఇంకోసారి. మోటారు ఎం.సి.బి. (కరెంటు ఆపే స్విచ్చు) దించి తాళం వేసినంత మాత్రాన బాక్సులో కరెంటు లేదనుకోవద్దు. స్టాప్ బటన్‌కు వచ్చే 230 వోల్టులు వేరే ఎం.సి.బి. నుంచి వస్తుండొచ్చు. మల్టీమీటరుతో ప్రతి వైరునూ ఎర్తుకూ, ఒకదానికొకటికీ పెట్టి చూడండి. టెస్టర్ వెలగలేదు కదా అన్న ధైర్యం పనికిరాదు.

ఇప్పుడు కాగితం తీసుకుని ఎన్ని టెర్మినళ్లు కావాలో రాయండి. మోటారుకు మూడు, బటన్‌కు రెండు, సెన్సరుకు మూడు, స్పేరు రెండు. ఇవి కాక ఎర్తు టెర్మినళ్లు రెండు: ఒకటి మోటారుకు, ఒకటి బాక్సు బాడీకి, తలుపుకు. మోటారు టెర్మినళ్లు, ఎర్తువి 4 స్క్వేర్ ఎం.ఎం. సైజు, మిగతావి 2.5 చాలు. మొదటివి ఒక్కోటి సుమారు 6 మి.మీ., రెండోవి సుమారు 5 మి.మీ. మందం. టెర్మినళ్లు జారకుండా చివర్ల పెట్టే క్లాంపులు కలుపుకున్నా 10 సెంటీమీటర్ల లోపే. అయినా రైలు 15 సెంటీమీటర్లు కోయండి. రేపు సేటు ఇంకో సెన్సరు పెట్టమంటాడు, తప్పకుండా పెట్టమంటాడు.

రైలు అంటే 35 మి.మీ. వెడల్పుండే మామూలు డిన్ రైలు. టెర్మినల్ ఒక కాలు రైలు అంచుకు తగిలించి, రెండో వైపు నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. ఆకుపచ్చ-పసుపు ఎర్తు టెర్మినల్ కాళ్లు మాత్రం ఇనుపవి, అవి రైలునే పట్టుకుంటాయి. దాన్ని కూర్చోబెట్టి వదిలేయకండి, నడుమ స్క్రూ ఉంటే అదీ బిగించాలి.

టెర్మినల్‌ను పక్కకు తిప్పి చూడండి. ఒక వైపు ప్లాస్టిక్ మూసి ఉంటుంది, ఇంకో వైపు లోపలి లోహం బయటికి కనిపిస్తుంది. అన్నింటినీ ఒకే దిక్కు తిప్పి పేర్చాలి, అప్పుడు ఒకదాని వీపు ఇంకోదాని తెరిచిన పక్కను మూస్తుంది. చిట్టచివరిదానికి ఎండ్ ప్లేటు, అంటే తెరిచిన పక్కను మూసే ప్లాస్టిక్ పలక, వేయాలి. చాలామంది మరిచేది ఇంకో చోట ఉంది: పెద్ద టెర్మినల్ పక్కన చిన్నది వచ్చినచోట పెద్దదాని లోహం పై నుంచి తొంగిచూస్తుంటుంది. అక్కడా ప్లేటు పడాలి. మోటారు 415 వోల్టులకూ సెన్సరు 24 వోల్టులకూ నడుమ అడ్డుప్లేటు ఎలాగూ పెడతాం. తవుడు దుమ్ము, బల్లులు తిరిగే చోట ఇది పొదుపు చేసే విషయం కాదు.

వైరు చివర దగ్గర తొందర వద్దు. 9 మి.మీ. దాకా తొక్క తీసి, పిన్ లగ్ (వైరు చివర తొడిగే లోహపు ముక్క) పెట్టి క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి. ఎక్కువ తీస్తే రాగి బయట పడుతుంది, తక్కువ తీస్తే స్క్రూ తొక్క మీద బిగుస్తుంది. ఈ రెండోది మోసగాడు. లాగితే రాదు, మీటరు పెడితే బాగానే చూపిస్తుంది, లోడు పడ్డాక వేడెక్కి కాలుతుంది. 5 హెచ్.పి. మోటారు ఫుల్ లోడులో 7 ఆంపియర్ల పైనే లాగుతుంది, ఆ వేడికి అది చాలు. లగ్ లేదని చివరకు సోల్డరింగ్ మాత్రం చేయకండి. ఒత్తిడికి సోల్డర్ మెల్లగా జారి స్క్రూ వదులవుతుంది. ఒక రంధ్రంలో రెండు వైర్లు దూర్చడం కూడా వద్దు, పక్క టెర్మినల్‌కు జంపర్ (రెండింటినీ కలిపే లోహపు ముక్క) వేయండి. మిల్లు అదురు ఎక్కువ కాబట్టి ఖర్చు పెట్టగలిగితే స్క్రూ రకం కన్నా స్ప్రింగ్ రకం టెర్మినళ్లే నా సలహా.

రంగుల దగ్గర ఒక చిక్కు ఉంది. మన పవర్ వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. సెన్సరు కేబుల్‌లో గోధుమ రంగు ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నల్. అంటే ఒకే బాక్సులో నీలం ఒకచోట ఫేజు, ఇంకోచోట 24 వోల్టుల మైనస్. రంగు చూసి కలిపితే సెన్సరు ఠప్‌మంటుంది. అందుకే ప్రతి వైరుకూ రెండు చివర్లా నంబరు ఫెర్రూల్ (నంబరు ఉన్న చిన్న గొట్టం) తొడగండి, టెర్మినల్ మీదా అదే నంబరు. కాగితం మీద రాసుకున్నది మూత లోపల అంటించండి.

అన్నీ బిగించాక ఒక్కో వైరునూ పట్టి లాగి చూడండి. సెన్సరు వైర్లు మూడూ, వాటి టెర్మినళ్లకు ప్యానెల్ నుంచి వచ్చేవి మూడూ మాత్రం ఇప్పుడే బిగించకుండా చివర్లకు టేపు చుట్టి పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో మోటారు కేబుల్‌కు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెడతాం, ఆ 500 వోల్టులు పొరపాటున సెన్సరులోకి పోకూడదు. అప్పటిదాకా ఎం.సి.బి.ల తాళాలు తీయొద్దు.