పికప్ బీడింగ్, ఆర్చ్ ఊడితే మళ్లీ ఊడకుండా బిగించడం ఎలా?

డోర్ల మీది సైడ్ బీడింగ్, చక్రాల పైనుండే నల్ల ప్లాస్టిక్ ఆర్చ్ చూడ్డానికి ఒకే జాతి. బండిని పట్టుకునే తీరు మాత్రం వేరు. బీడింగ్ చాలా బళ్లలో డబుల్ సైడ్ ఫోమ్ టేపు మీదే నిలబడుతుంది. ఆర్చ్‌కు సాధారణంగా వెనక క్లిప్పులు, చక్రం వైపు స్క్రూలు ఉంటాయి. స్క్రూలు తీయకుండా పట్టి లాగితే ముందు విరిగేది క్లిప్పులు కూర్చునే దిమ్మలే. అందుకే చక్రం లోపలికి టార్చి వేసి, మట్టి తుడిచి, స్క్రూలన్నీ లెక్కపెట్టి తీయండి.

ముక్క వెనక అచ్చులో పోసిన అక్షరాలు చూడండి. ఏబీఎస్ (ABS, ఒక రకం గట్టి ప్లాస్టిక్) అని ఉంటే చీలికకు వెనక నుంచి ఫైబర్ జాలీ పరిచి రెండు ట్యూబుల ఎపాక్సీ పూయొచ్చు. పీపీ (PP, అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) అని ఉంటే ఎపాక్సీ, ఫెవిక్విక్ లాంటివి నాలుగు రోజులు కూడా నిలవవు, ఆ ప్లాస్టిక్‌కు మైనం గుణం ఉంది. సన్నటి స్టీలు జాలీని సోల్డరింగ్ ఐరన్‌తో వెనకవైపు కరిగించి ఇమడ్చాలి. దిమ్మలు విరిగినా, ముక్క మెలి తిరిగినా కొత్తది కొనడమే నయం.

క్లిప్పులు కొనేటప్పుడు పాతదాన్ని షాపుకు పట్టుకెళ్లండి. మెడ అర మిల్లీమీటరు సన్నమైనా గతుకుల్లో కటకటలాడుతుంది. అవసరమైన వాటికంటే మూడు ఎక్కువ తీసుకోండి, బిగించేటప్పుడు ఒకటో రెండో పోతాయి.

బీడింగ్ తీసే ముందు దాని పై అంచు వెంట మాస్కింగ్ టేపు అతికించండి. కొత్తది కూర్చోబెట్టడానికి అదే గీత. తర్వాత హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, గాలం దారాన్ని వెనక్కి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే పెయింటు లేచొస్తుంది. మిగిలిన జిగురును బొటనవేలితో రుద్ది ఉండలు చేసి తీయండి. థిన్నర్ జోలికి వెళ్లొద్దు, ముఖ్యంగా టింకరింగ్ చేయించి రంగు వేయించిన డోర్ల మీద.

అసలు పని శుభ్రం చేయడంలోనే ఉంది. టేపు ఊడిన చోట చాలాసార్లు తప్పు టేపుది కాదు, కింద మిగిలిన వ్యాక్సుది, సిలికాన్ పాలిష్‌ది. సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. ఏడు పాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మూడు పాళ్లు నీళ్లు కలిపి ఒకే దిక్కుగా తుడవండి. అది ఆరేలోపే పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. క్లిప్పు రంధ్రాల దగ్గర తుప్పు కనిపిస్తే గీకి, ప్రైమర్, టచప్ పెయింటు వేసి పూర్తిగా ఆరాకే బిగించండి.

సుమారు 1 మి.మీ. మందం ఆక్రిలిక్ ఫోమ్ టేపు సరిపోతుంది. పీపీ బీడింగ్‌కు ముందు అడెషన్ ప్రమోటర్ (టేపు పట్టు పెంచే ద్రవం) పలచగా రాయాలి. అతికించేటప్పుడు డోరు రేకు 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే మేలు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి రేకు చెయ్యి పెట్టనివ్వదు, కాబట్టి తెల్లవారి నీడలో చేయండి. డిసెంబరులో ఆదిలాబాద్, అరకు వైపైతే రేకును డ్రయర్‌తో కాస్త వెచ్చబెట్టండి.

టేపు మీది కాగితాన్ని ఒకేసారి పీకొద్దు. రెండు కొసల్లో రెండేసి అంగుళాలు విప్పి బయటికి మడిచి, గీతకు సరిపెట్టి, కొసలు తాకించాక మిగతాది మెల్లగా లాగండి. బీడింగును సాగదీస్తే అది మళ్లీ ముడుచుకుంటూ కొసలు లేపుతుంది. జానెడు జానెడుగా పది సెకన్లు గట్టిగా నొక్కండి. ఒక రోజు నీళ్లు తగలనివ్వొద్దు. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, ప్రెషర్ వాష్ ఆ తర్వాతే.

సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ కొడితే ఐదు నిమిషాల్లో అయిపోతుందని ఎవరైనా చెబుతారు. డోరులో అది కిందికి దిగే అద్దాన్ని గీకొచ్చు, పైగా ఒక్క వానాకాలానికే ఆ రంధ్రం చుట్టూ తుప్పు మొదలవుతుంది.

చివరగా ముందు, వెనక డోర్లు రెండూ నెమ్మదిగా తెరిచి చూడండి. బీడింగ్ కొస డోరు అంచు నుంచి కనీసం 3 మి.మీ. లోపలికి లేకపోతే పక్క డోరుకు తగిలి లేస్తుంది. టేపు ఇంకా బిగియకముందే సరిచేసుకోవాలి.