అక్వేరియంలో నత్తలు పెరిగిపోతే ఏం చేయాలి?

అద్దం మీద నువ్వుగింజంత నత్తలు కనిపించగానే చాలామంది నత్తల మందు కొనుక్కొచ్చి పోసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మందుల్లో చాలావాటిలో ఉండేది రాగి. కొందరు ఏకంగా మైలుతుత్తమే కలుపుతారు. రాగికి నత్తలే కాదు, ట్యాంకులో రొయ్యలుంటే అవీ చస్తాయి. నత్తలన్నీ ఒకేసారి చచ్చి గుల్లల్లో కుళ్లితే అమ్మోనియా పెరిగి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మందు లేకుండానే ఈ పని అవుతుంది.

సైఫన్ గొట్టం, బకెట్, పాత ఏటీఎం కార్డు, కీరా దోసకాయ, స్టీలు ఫోర్కు ఉంటే చాలు.

ముందు ఏ నత్తో చూసుకోండి. చదునుగా చక్రంలా చుట్టుకున్నది రామ్స్‌హార్న్. చిన్న బుడగలా ఉండేది బ్లాడర్. ఈ రెండూ ఆకుల కింద, అద్దం మీద జిగురు ముద్దలుగా గుడ్లు పెడతాయి. వాటిని కార్డుతో గీకేయండి. పొడుగ్గా మొన తేలి, పగలు ఇసుకలో దాక్కునేది ట్రంపెట్. ఇది పిల్లల్నే కంటుంది, దానికి మగ తోడు కూడా అక్కర్లేదు.

ఇక అసలు పని మేత తగ్గించడం. అందరూ తప్పేది ఇక్కడే. నత్తలు ఎన్ని పెరుగుతాయన్నది వాటికి దొరికే తిండిని బట్టే ఉంటుంది. చేపలు వదిలేసిన మేత, కుళ్లిన ఆకులు, నాచు, ఇవే వాటి తిండి. అవి ఉన్నంతకాలం మీరు ఎన్ని ఏరినా మిగిలినవి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి.

రోజుకు ఒక్కసారే మేత వేయండి, అదీ రెండు నిమిషాల్లో చేపలు తినేసేంత. చిటికెడు వేసి, అది అయిపోయాక ఇంకో చిటికెడు. గుళిక ఒక్కటి అడుగుకు చేరినా ఆ పూటకు ఎక్కువైనట్టే. వారానికో రోజు అసలు వేయకండి, ఎదిగిన చేపలకు ఏమీ కాదు. పిల్ల చేపలున్న ట్యాంకులో మాత్రం ఈ ఉపవాసం పెట్టొద్దు. చేపలు అద్దం దగ్గరికొచ్చి తిరుగుతుంటే ఆకలనుకుని జాలిపడతాం. మనిషి కనబడితే మేత వస్తుందని అలవాటై అలా తిరుగుతాయి, అంతే. ఇంట్లో నలుగురూ తలో చిటికెడు వేస్తుంటే ఈ లెక్కంతా నీళ్లపాలే. అందుకే మేత డబ్బా ఒక్కరి చేతిలోనే ఉండాలి.

వారానికోసారి సైఫన్‌ను గులకరాళ్లలోకి దింపి మురికి లాగేయండి, పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు కలపాలి. ఇంతా చేసినా మొదటి వారాల్లో తేడా కనిపించదు. అప్పుడే విసుగొచ్చి మందు జోలికి పోతారు. ఓపిక పట్టండి, కొత్త పిల్లలు క్రమంగా తగ్గుతాయి.

దీంతోపాటు రాత్రి లైటు ఆపాక కీరా ముక్కను ఫోర్కుకు గుచ్చి అడుగున పెట్టండి. పొద్దున్నే నత్తలు గుత్తులుగా పట్టుకుని ఉంటాయి. ముక్కతో సహా తీసేయండి. మధ్యాహ్నం దాకా వదిలేస్తే అదే కుళ్లి వాటికి మేతవుతుంది.

నత్తల్ని తింటుందని క్లౌన్ లోచ్ కొనేవాళ్లున్నారు. అది అడుగు పొడవు దాకా పెరిగే చేప, పైగా గుంపుగా బతికేది. రెండడుగుల ట్యాంకులో పెట్టడం అన్యాయం. తప్పదంటే అసాసిన్ నత్త మేలు, అది నత్తల్నే వేటాడుతుంది.

కొత్త మొక్క తెస్తే నేరుగా ట్యాంకులో పెట్టకండి. లీటరు నీటికి చెంచా పటిక పొడి కలిపి రెండు మూడు రోజులు నానబెట్టి, బాగా కడిగి నాటండి. నత్తలు మొదట ఇంట్లోకొచ్చేది ఎక్కువగా ఈ మొక్కలతోనే.

ఏరిన నత్తల్ని చెరువులోనో కాలవలోనో పారేయొద్దు. బ్లాడర్ నత్త అసలు ఉత్తర అమెరికాది, ఇలా పారేస్తేనే ఊళ్లమీద పడుతుంది. మరిగే నీళ్లు పోసి, చల్లారాక పూలకుండీ మట్టిలో పూడ్చేయండి.