జీడితోటలో రకం ఎక్కడ కాపాడుతుంది, ఎక్కడ కాపాడదు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల జీడితోటల్లో పురుగు పడితే ముందు రకాన్నే తప్పుపడతారు. ఒక్కోసారి అది నిజమే. ఇంకోసారి ఏ రకం వేసినా అదే జరుగుతుంది. ఏది ఏదో చెట్టు మీది గుర్తే చెబుతుంది.

ఇగురు, పూత కాలినట్టు ఎండిపోతుంటే

మంచు కొట్టిందనో మబ్బు పట్టిందనో వదిలేయకండి. ఎండిన రెమ్మ విరిచి చూడండి. కాడ పొడవునా నల్లటి కోల మచ్చలు, వాటి మీద బంక చుక్కలు ఉంటే అది టీ దోమ. పేరుకే దోమ, నిజానికి రసం పీల్చే నల్లి జాతిది. పెద్ద పురుగు వీపు మీద గుండుసూది గుచ్చినట్టు చిన్న ముల్లు నిలబడి ఉంటుంది. లేత పిక్కల్ని పీల్చితే గజ్జిలా మచ్చలు లేచి రాలిపోతాయి. అది చేసిన గాయాల్లోంచి శిలీంధ్రపు (ఫంగస్) తెగులు కూడా దూరుతుంది కాబట్టి తెగులు మందు ఒక్కటే కొడితే ఎండటం ఆగదు.

రకం తేడా పనిచేసేది ఇక్కడే. పురుగు ఉధృతంగా ఉన్న రోజుల్లో ఇగురేసే చెట్టు మాడుతుంది, అదను తప్పి వేసేది బయటపడుతుంది. కర్ణాటకలోని పుత్తూరు జీడి పరిశోధన కేంద్రం 2006లో విడుదల చేసిన భాస్కర రకానికి పేరొచ్చింది ఇలాగే. అయితే ఉధృతి ఓ మోస్తరుగా ఉన్న ఏడే అది తప్పించుకుంటుంది. పురుగు విరుచుకుపడిన ఏడు దానికీ మందు కొట్టాల్సిందే. (మామిడిలోనూ ఇదే లెక్క. వానలకు ముందే కోతకొచ్చే సువర్ణరేఖ కంటే వానల్లో పండే నీలానికి పండు ఈగ బెడద ఎక్కువ.)

పిక్క నాటి పెంచిన పాత తోటలో ఏ చెట్టు గుణం దానిదే. ఒక చెట్టు మాడితే పక్కది పచ్చగా ఉంటుంది. ఆ పచ్చటి చెట్టుకు సున్నంతో గుర్తు పెట్టి మూడేళ్లు చూడండి. ఒక్క ఏడు చూసి నమ్మొద్దు. మూడేళ్లూ నిలిచి, కాపూ బాగుంటే దాని కొమ్మలతో అంట్లు కట్టించండి. పిక్క నాటితే మాత్రం ఆ గుణం వస్తుందన్న భరోసా లేదు.

ఈ ఏటికి మాత్రం మందే దారి. ఇగురేసేటప్పుడు ఒకసారి, పూత కాడ బయటపడేటప్పుడు ఒకసారి లాంబ్డా సైహలోత్రిన్ 5 ఇసి లీటరు నీటికి 0.6 మి.లీ. కలిపి కొట్టాలి. 16 లీటర్ల పంపుకు దాదాపు 10 మి.లీ. పడుతుంది. పూత విచ్చాక పగటిపూట కొట్టొద్దు, తేనెటీగలు చస్తే పిక్క కట్టదు. గట్టు మీది వేప, జామ ఇగుళ్లూ చూడండి, ఇదే పురుగు అక్కడా బతుకుతుంది.

ఆకు పసుపు తిరిగి, మొదలు దగ్గర రంపపు పొట్టు, బంక కనిపిస్తే

ఇది కాండం, వేరు తొలిచే పురుగు. దీన్ని ఆపే రకమంటూ ఏదీ విడుదల కాలేదు, అంటు మార్చి లాభం లేదు. పురుగు బెరడు కింద ఉంటుంది గనుక పైన కొట్టిన మందు దానికి అందదు. ఉలితో బెరడు ఎత్తి, సొరంగం వెంటే వెళ్లి, తెల్లటి పురుగుల్ని ఏరి చంపాలి. పొట్టు ఊడ్చేసి, క్లోరిపైరిఫాస్ 20 ఇసి లీటరుకు 10 మి.లీ. కలిపి గాయానికి, బయటపడ్డ వేళ్లకు పట్టించి, వేళ్ల మీద మట్టి కప్పండి. నెలకోసారి మొదళ్లు చూస్తే చిన్న గాయం దగ్గరే దొరుకుతుంది. చుట్టూ సగానికి మించి బెరడు పోయి ఆకంతా పసుపెక్కిన చెట్టు ఇక కోలుకోదు. వేళ్లతో సహా పెకలించి, చీల్చి, లోపలి పురుగు పెంకుపురుగై ఎగిరిపోకముందే కాల్చేయండి.