కౌంటర్ స్ట్రైక్ 2 గేమ్‌లో కేసులు (లోపల ఏముందో తెలియని పెట్టెలు) తెరవాలని చెయ్యి దురదపెడుతోందా? ముందు ఈ లెక్క చూడండి

అరుదైన కత్తి పడలేదని రాత్రి రెండింటికి నిద్ర మానేసి, కేసు తెరిచే ఇంకో తాళంచెవి కొనబోతుంటే, ఒక్క నిమిషం ఆగండి. కేసులో కత్తో గ్లౌజులో వచ్చే అవకాశం దాదాపు 0.26 శాతం, అంటే సుమారు 385 కేసులకు ఒకటి. తాళంచెవి ధర 2.49 డాలర్లు, మొత్తం 950 డాలర్లు దాటుతుంది. అంత పెట్టి 385 తెరిచినా వందలో 36 మందికి పైగా ఒక్క కత్తి కూడా చూడరు. "ఇన్నిసార్లు రాలేదు కాబట్టి ఈసారి గ్యారంటీ" అనుకోవడం తప్పు, వెనకటి కేసులతో దీనికి సంబంధమే లేదు.

తెర మీద స్కిన్‌లు (ఆయుధాలకు వేసే రంగురంగుల రూపాలు) వరసగా జారుతూ, నెమ్మదిస్తూ, కత్తినో గ్లౌజులనో సూచించే బంగారు గుర్తు పక్కనే టక్కున ఆగుతాయి చూశారా, గుండె అక్కడే జారిపోతుంది. అది బొమ్మ మాత్రమే. ఫలితం ముందే తేలిపోయింది, మీరు "కొద్దిలో" పోగొట్టుకున్నదేమీ లేదు.

మరి ఏం చేయాలి? ప్రైమ్ (గేమ్‌లో అదనపు హోదా) ఉంటే వారంలో మొదటిసారి ర్యాంక్ పెరిగినప్పుడు నాలుగు వస్తువులు చూపించి రెండు ఎంచుకోమంటుంది. అందులో కేసు ఉంటే తీసుకోండి, తెరవకండి. ట్రేడ్ గడువు (అమ్మనివ్వని కొద్ది కాలం) అయ్యాక, ఈ గేమ్ నడిచే వేదిక స్టీమ్‌లోని మార్కెట్‌లో అమ్మేయండి. కొనేవాడు కట్టేదాంట్లో సుమారు 13 శాతం కోత పోతుంది, అయినా తాళంచెవి ఖర్చు లేదు కదా. ఆ డబ్బు స్టీమ్ వాలెట్‌లోనే చేరుతుంది, దాంతో నచ్చిన స్కిన్‌ను నేరుగా కొనుక్కోండి.

పిల్లలు ఆడే అకౌంట్‌లో మాత్రం కార్డు వివరాలు ఈరోజే తీసేయండి.