కుక్కలను జత కట్టించే ముందు: వంశపారంపర్య జబ్బుల విషయంలో జాగ్రత్తలు

ఆడకుక్క ఎదకు రాకముందే ఇవి చూసుకోండి. వచ్చాక రిపోర్టుల కోసం ఆగే టైం ఉండదు.

– రెండూ ఒకే జబ్బు జన్యువు మోసే క్యారియర్లు కాకూడదు. పైకి రెండూ ఆరోగ్యంగానే కనిపిస్తాయి, కానీ ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. లాబ్రడార్లలో చూపు పోగొట్టే పీఆర్ఏ అనే కంటి జబ్బులో ఒక రకం ఇలా వచ్చేదే. రెండోది క్లియర్ (ఆ జన్యువు లేనిది) అయితే పిల్లలకు ఆ జబ్బు రాదు, కాబట్టి క్యారియర్ అన్న ఒక్క కారణంతో మంచి కుక్కను పక్కన పెట్టక్కర్లేదు.

– మెర్ల్ రంగుకు (లేత రంగు మీద ముదురు మచ్చలు) మెర్ల్ రంగు వద్దే వద్దు. తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ ఆ రంగు జన్యువు అందిన పిల్లలకు చెవుడు, గుడ్డితనం ముప్పు ఎక్కువ.

– తుంటి కీలుకు ఎక్స్‌రే, రెండేళ్లు నిండాక. హిప్ డిస్‌ప్లేసియా (తుంటి కీలు సరిగా అమరకపోవడం) అనేక జన్యువుల పని, ఒక్క డీఎన్ఏ టెస్టుతో తేలదు.

– డీఎన్ఏ టెస్టు మీ కుక్క జాతికి సరిపోయేదేనా? ఒక జాతిలో పనికొచ్చేది మరో జాతిలో ఏమీ చెప్పకపోవచ్చు.

– డాబర్‌మన్ గుండెజబ్బు లాంటివి తరచు నడివయసులోనే బయటపడతాయి. తల్లిదండ్రులు, తోబుట్టువులు దేనితో పోయాయో అడగండి. "అన్నీ బాగానే ఉన్నాయండీ" అన్నది రిపోర్టు కాదు.

– తోబుట్టువుల జత వద్దు. దాచివున్న లోపాలు జంటగా కలిసేది అక్కడే.