పాత స్విచ్‌కి ఐఓఎస్ మార్చాక లేవకపోతే

మొన్న శనివారం రాత్రి గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో సిస్కో క్యాటలిస్ట్ 2960 నెట్‌వర్క్ స్విచ్‌కి ఐఓఎస్ (దాన్ని నడిపించే సిస్కో సాఫ్ట్‌వేర్) మార్చి, రీలోడ్ (రీస్టార్ట్) కొట్టి కూర్చున్నాను. ఎంతసేపటికీ లేవదే! కన్సోల్‌లో (కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లో చూసే స్విచ్ తెర) స్విచ్ అన్న మాట, పక్కన రెండు చుక్కలు. అంతే.

అది చూసి చాలామంది స్విచ్ పోయిందని టెన్షన్ పడతారు. పోలేదు. బూట్‌లోడర్ (ఐఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) బాగానే ఉంది, లోడ్ చేయాల్సిన ఫైలే దానికి దొరకలేదు. ఎక్కువగా బూట్ లైనులో (ఏ ఫైలుతో లేవాలో చెప్పే సెట్టింగ్) ఫైలు పేరు తప్పుగా ఉంటుంది, లేదంటే కొత్త ఫైలు సగమే వచ్చి ఉంటుంది. ముందు ఫ్లాష్ ఇనిట్ కమాండ్ ఇచ్చి ఫ్లాష్‌ని (స్విచ్ లోపలి స్టోరేజ్) సిద్ధం చేసి, డిఐఆర్ కమాండ్‌తో లోపల ఏముందో చూడండి. బిన్ ఫైలు (ఐఓఎస్ ఫైలు ఇదే) పూర్తి సైజులో కనిపిస్తే బూట్ కమాండ్ పక్కన దాని పేరు ఇచ్చి లేపండి. లేచాక బూట్ సిస్టమ్ లైను సరిచేసి సేవ్ చేయాలి. నా కథ ఇదే, పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.

ఫైలు సగమే ఉండి లేదా అసలు లేక, పాత ఐఓఎస్ కూడా ఫ్లాష్‌లో లేకపోతే ఎక్స్‌మోడెమ్ (కన్సోల్ కేబుల్ మీదుగా ఫైలు పంపే పద్ధతి) ఒక్కటే దారి. కన్సోల్ చూడ్డానికి వాడే పుట్టీ ప్రోగ్రామ్‌లో అది లేదు, అలాంటిదే అయిన టెరా టర్మ్ వాడండి. 9600 వేగంలో 10 ఎంబీ ఫైలుకు మూడు గంటలు పడుతుంది. బూట్‌లోడర్‌లో బాడ్ (కన్సోల్ వేగం) 115200 చేస్తే పావుగంట పైచిలుకు. మార్చగానే తెర మీద పిచ్చి అక్షరాలు వస్తాయి, టెరా టర్మ్‌లోనూ అదే వేగం పెడితే సర్దుకుంటాయి. పనయ్యాక మళ్లీ 9600కి తెచ్చేయండి, లేకపోతే తర్వాత వచ్చేవాడు మనల్ని తిట్టుకుంటాడు. వేగం సరిపోయినా చెత్తే వస్తుంటే కన్సోల్ పోర్టు పిన్నులు చూడండి. బీచ్ రోడ్డు వైపు ఆఫీసుల్లో ఉప్పుగాలికి చిలుము పట్టినవి నేను చూశాను.

కాపీ దశలోనే ఆగిపోయిందా? చోటు లేదని చెబితే, ఫ్లాష్ 32 ఎంబీయే కదా, పాత ఐఓఎస్‌తో పాటు హెచ్‌టీఎంఎల్ ఫోల్డరూ అందులోనే కూర్చుని ఉంటుంది. ముందు ఆ ఫోల్డర్ తీసేయండి. చాలకపోతే పాత ఐఓఎస్ కూడా తీయొచ్చు, నడుస్తున్నది ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి స్విచ్ ఆగదు. కానీ కొత్తది పూర్తిగా వచ్చేదాకా కరెంటు పోకూడదు. యూపీఎస్ లేని చోట నేనైతే ఆ పని చేయను.

టీఎఫ్‌టీపీ (ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ మీద స్విచ్‌కి ఫైలు పంపే పద్ధతి) టైమ్ అవుట్ అయితే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ చూడండి. పింగ్ (కనెక్షన్ ఉందో లేదో చూసే పరీక్ష) వెళ్తున్నా, టీఎఫ్‌టీపీ వాడే యూడీపీ 69 పోర్టు ఆగిపోయి ఉండొచ్చు.

కాపీ అయ్యాక, రీలోడ్‌కి ముందు, వెరిఫై కమాండ్‌తో ఎండీ5 (ఫైలు చెడలేదని చూపే గుర్తు సంఖ్య) తీసి సిస్కో సైట్‌లో ఉన్న విలువతో పోల్చండి. తేడా వస్తే మళ్లీ కాపీ చేయాల్సిందే.

అంతా అయ్యాక ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా స్విచ్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) రావడం లేదంటే ఫైలు పేరులో కె9 ఉందేమో చూడండి. అది లేని ఐఓఎస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు. కె9 ఉండి కూడా రాకపోతే ల్యాప్‌టాప్‌లోని కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్), స్విచ్ వాడే పాత కీ పద్ధతిని ఒప్పుకోవడం లేదేమో. ఆ ఒక్క స్విచ్ వరకు ల్యాప్‌టాప్ సెట్టింగ్‌లో అనుమతి ఇస్తే లోపలికి వెళ్లిపోవచ్చు.